మత్తు డాక్టరమ్మ జవాబులు: బొమ్మల గదిలో వైద్యం

పోయిన సంచికలో మెడికల్ కాలేజీల్లోని స్కిల్స్ ల్యాబుల గురించి రాసి, సందేహాలుంటే పంపమన్నాను. ప్లాస్టిక్ చేతులు, రబ్బరు ఛాతీలు, కాన్పు బొమ్మలు పెట్టుకుని, రోగి దగ్గరికి వెళ్ళకముందే పిల్లలకు చేతిపని నేర్పే గదులవి. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే ఉద్యోగంలో రిటైరయ్యాక నేను పాఠాలు చెబుతున్నది హైదరాబాదులోనే, అలాంటి ఒక గదిలోనే. కాబట్టి నాకు కొంత పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి. ఒకే ప్రశ్న చాలామంది అడిగిన చోట ఒక్కరి ఉత్తరమే వేశాను.

ప్రశ్న: మా అమ్మాయి ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో రెండో సంవత్సరం. ఫోన్ చేసినప్పుడల్లా "ఇవాళ బొమ్మకి సెలైన్ పెట్టాం, నిన్న బొమ్మకి యూరిన్ ట్యూబ్ వేశాం" అంటుంది. లక్షలు పోసి చదివించేది బొమ్మలాటకా? మా రోజుల్లో డాక్టర్లు పేషెంట్ల దగ్గరే నేర్చుకోలేదా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

నేర్చుకున్నారమ్మా. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక్కసారి ఆలోచించండి. ఏసీ రూములో పడుకున్న పెద్దమనిషి దగ్గర కాదు. జనరల్ వార్డులో, పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, "ఎందుకు సార్ మళ్ళీ పొడుస్తున్నారు" అని అడగడానికి కూడా భయపడే ముసలాయన దగ్గర. "ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఇంకొకరికి నేర్పు" అనే మాట మా కాలంలో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. ఆ రెండోది ఎవరి ఒంటి మీద చేస్తున్నామో ఎవరూ అడిగేవారు కాదు.

మీ అమ్మాయి చెప్పిన యూరిన్ ట్యూబ్ సంగతే చూద్దాం. చూడటానికి చాలా తేలిక. గొట్టానికి జెల్ రాసి లోపలికి పంపాలి, దాని చివర ఉన్న చిన్న బెలూన్‌లో నీళ్ళు ఎక్కించాలి, అది లోపల ఉబ్బి ట్యూబ్ జారిపోకుండా ఆపుతుంది. తప్పంతా ఎక్కడ జరుగుతుందంటే, మగవాళ్ళలో ఆ దారి పొడవు. సగం దూరం వెళ్ళగానే కుర్రాడికి చేరిపోయిందనిపిస్తుంది. వెనక పీజీ డాక్టరు తొందర పెడుతుంటాడు. బెలూన్ ఉబ్బిస్తాడు. అది మూత్రాశయంలో కాకుండా సన్నటి నాళంలోనే ఉబ్బితే లోపలి పొర చిరుగుతుంది, రక్తం వస్తుంది, మానాక అక్కడ దారి ఇరుకైపోతుంది. ఆ మనిషి ఏళ్ళ తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతాడు. తప్పించే పద్ధతి రెండే ముక్కలు: ట్యూబ్‌ని చివర చీలిక దాకా లోపలికి పంపాలి, మూత్రం రావడం కళ్ళతో చూశాకే బెలూన్ ముట్టుకోవాలి. ఈ రెండు ముక్కలూ పుస్తకంలో ఉన్నాయి. కానీ చేతికి గ్లవ్స్ వేసుకుని, ఒక చెయ్యి శుభ్రంగా ఉంచుకుని రెండో చేత్తో పట్టుకుని, జెల్‌తో జారిపోతున్న గొట్టాన్ని తోస్తున్నప్పుడు పుస్తకం గుర్తుకు రాదు. చేతికి అలవాటుంటేనే ఆగుతుంది. బొమ్మ లోపల నీళ్ళ సంచి ఉంటుంది, సరిగ్గా చేరితేనే నీళ్ళు వస్తాయి. రాకముందే బెలూన్ ఉబ్బించిన పిల్లని ఆపి, "ఇప్పుడేమైందో చెప్పు" అని అడగొచ్చు. వార్డులో ఆ ప్రశ్న అడిగే వ్యవధి ఉండదు, అడిగినా రోగి వింటూ ఉంటాడు.

ఇది మీ కాలేజీ సరదాకి పెట్టింది కూడా కాదు. 2019లో దేశమంతా ఎంబీబీఎస్ పాఠ్య ప్రణాళిక మారింది. ఏ పనులు చేసి చూపించాలో, వేటికి సంతకం పెట్టించుకోవాలో అందులో రాసుంది. ఆ తర్వాత 2020 నిబంధనల్లో స్కిల్స్ ల్యాబ్ లేకుండా కాలేజీ నడపకూడదన్నారు.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటి నేనే అడుగుతాను. ఆ కాలేజీ ఆస్పత్రిలో మంచాల మీద రోగులున్నారా? వార్డు ఖాళీగా ఉండి, ల్యాబ్ మాత్రం తళతళలాడుతుంటే అనుమానించాల్సిందే. బొమ్మ రోగికి ముందు మెట్టు, రోగికి బదులు కాదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "బొమ్మకి ఏం చేశావు" అని కాకుండా "ఈ వారం ఎంతమంది పేషెంట్లతో మాట్లాడావు" అని అడగండి. ఆ జవాబు బట్టి మీ లక్షలు ఎక్కడికి పోతున్నాయో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారిని ఒక పెద్దాస్పత్రిలో చేర్చాం. సెలైన్ సూది పెట్టడానికి ఒక కుర్ర డాక్టరు నాలుగుసార్లు పొడిచాడు, చెయ్యంతా నల్లబడింది. వద్దనే హక్కు మాకుందా? అంటే మనసులో పెట్టుకుంటారేమోనని ఊరుకున్నాం.
– మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు

ఉంది. నేర్చుకునేవాళ్ళు తన మీద చెయ్యి వేయకూడదని చెప్పే హక్కు ఏ రోగికైనా ఉంది, జనరల్ వార్డయినా సరే. తగాదా అక్కర్లేదు. రెండుసార్లు తప్పాక "బాబూ, కాస్త సిస్టర్‌ని పిలుస్తారా" అనండి చాలు. ఏళ్ళ తరబడి ఆ వార్డులో పనిచేసిన సిస్టర్ చేతికి దొరికినంత సులువుగా నరం చాలామంది ప్రొఫెసర్లకు కూడా దొరకదు. పద్ధతిగా నడిచే వార్డుల్లో రెండు ప్రయత్నాల తర్వాత పొడిచే మనిషిని మార్చాలనే నియమం ఉంటుంది.

ఆ అబ్బాయి తరఫున కూడా ఒక మాట చెప్పనివ్వండి. అతను ప్లాస్టిక్ చెయ్యి మీద నేర్చుకునే వచ్చి ఉండొచ్చు. చిక్కంతా ఆ చెయ్యితోనే. దాని నరం సిమెంటులో పాతిన పైపులా ఉన్నచోటే ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి చర్మం కింద నరం పక్కకి జరిగిపోతుంది. కింద నుంచి బొటనవేలితో చర్మం బిగించి పట్టుకోకపోతే సూది పక్కనుంచి వెళ్ళిపోతుంది. ఇంకో సంగతి. సూది వెనక చిన్న గదిలో రక్తం కనపడగానే పని అయిపోయిందనుకుంటారు. అప్పటికి సూది మొన మాత్రమే నరంలో ఉంటుంది, దాని మీద తొడిగిన ప్లాస్టిక్ గొట్టం ఇంకా బయటే. అక్కడ సూదిని కాస్త పడుకోబెట్టి, ఇంకో పిసరు లోపలికి తోసి, అప్పుడు సూదిని కదలనివ్వకుండా గొట్టాన్ని ముందుకి జరపాలి. ఆ పిసరు తొయ్యని వాళ్ళకే నాలుగుసార్లు పొడవాల్సి వస్తుంది. పైగా పెద్దవాళ్ళకి ఆకుపచ్చ సూది తీసుకుంటారు, అది లావు. గులాబీ రంగుదో, నీలం రంగుదో చాలు. రక్తం ఎక్కించాల్సిన అవసరం లేకపోతే నేను నీలమే తీస్తాను.

మనసులో పెట్టుకుంటారనే భయం వదిలేయండి. డ్యూటీ మారితే ఎవరికీ ఎవరూ గుర్తుండరు.

ప్రశ్న: మేడం, నేను ఫైనల్ ఇయర్. బొమ్మకి ట్యూబ్ వేయడం నాకు బాగా వచ్చింది, క్లాసులో నాదే తక్కువ టైమ్. కానీ హౌస్ సర్జన్లు (చదువు అయ్యి వార్డుల్లో శిక్షణలో ఉన్నవాళ్ళు) "అసలు మనిషికి వేసేటప్పుడు చూస్తాంలే" అని నవ్వుతున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా? ఓఎస్‌సీఈ పరీక్ష అంటే కూడా టెన్షన్‌గా ఉంది.
– సికింద్రాబాద్ నుంచి ఒక విద్యార్థి

నాన్నా, ఇది నా సొంత సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

చదివేవాళ్ళ కోసం ముందుగా: ట్యూబ్ వేయడమంటే ఊపిరి ఆగిన మనిషికో, మత్తులో ఉన్న మనిషికో నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం పంపడం. ఎడమ చేతిలో లారింగోస్కోప్, అంటే దీపం ఉన్న ఒక వంపు పలక. దాన్ని నోటి కుడి పక్క నుంచి పెట్టి, నాలుకని ఎడమకి నెట్టి, నాలుక మొదట్లో ఉన్న చిన్న పల్లంలో మొన ఆనించి ఎత్తితే కింద స్వరపేటిక కనిపిస్తుంది. ఎత్తాలి అన్నాను, తిప్పాలి అనలేదు. కొత్తవాళ్ళందరూ మణికట్టు వెనక్కి విరుస్తారు, పలక పై పళ్ళ మీద ఆనుతుంది. బొమ్మకైతే "టక్" మని చప్పుడొస్తుంది. మనిషికైతే పన్ను ఊడి చేతికొస్తుంది. పిడి ఏ వైపు చూస్తోందో ఆ వైపుకే, ఎదురు గోడా కప్పూ కలిసే మూలకేసి లాగాలి. బరువు భుజం మీద పడాలి, మణికట్టు మీద కాదు.

ఇంతవరకూ బొమ్మ నేర్పుతుంది, బాగా నేర్పుతుంది. ఇక్కడి నుంచి హౌస్ సర్జన్ల నవ్వులో నిజముంది. బొమ్మ నోరు పొడిగా ఉంటుంది, మనమే స్ప్రే కొట్టి జారేలా చేస్తాం. మనిషి నోట్లో లాలాజలం, రక్తం, మధ్యాహ్నం తిన్న అన్నం. గడ్డం ఉన్నాయనకి మాస్కు అంటుకోదు, పక్కల నుంచి గాలి పోతుంది. మన ఊళ్ళో ఇంకో పెద్ద తంటా ఉంది: గుట్కా. ఏళ్ళ తరబడి నమిలిన వాళ్ళ బుగ్గలు లోపల గట్టిపడిపోయి నోరు రెండు వేళ్ళ మించి తెరుచుకోదు. నువ్వు పలక ఎక్కడ పెడతావు? నా బొమ్మల్లో ఏ ఒక్కటీ గుట్కా నమలలేదు. అందుకే ట్యూబ్ వేసే ముందు రోగి నోరు తెరిపించి చూడటం, మెడ వంచమనడం, కట్టుడు పళ్ళున్నాయా అని అడగడం బొమ్మ దగ్గర కూడా అలవాటు చేసుకో. బొమ్మ జవాబు చెప్పదు కదా అని వదిలెయ్యకు.

తక్కువ టైమ్ అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. గడియారం పెట్టుకుని పందెం వేసేవాళ్ళు మాస్కుతో ఆక్సిజన్ ఇవ్వడం మర్చిపోతారు. ట్యూబ్ పడలేదని ఎవరూ చనిపోరు, ఆక్సిజన్ అందక చనిపోతారు. మాస్కు, బ్యాగ్ పట్టుకుని ఛాతీ లేచేలా గాలి ఇవ్వడం వస్తే, ట్యూబ్ పడకపోయినా నీ సీనియర్ వచ్చేదాకా మనిషిని బతికించుకోవచ్చు. ముందు అది నేర్చుకో. ఎడమ చేతి మూడు వేళ్ళు దవడ ఎముక కింద, బొటనవేలూ చూపుడువేలూ మాస్కు మీద. దవడని మాస్కులోకి ఎత్తాలి గానీ, మాస్కుని ముఖంలోకి నొక్కకూడదు.

మానిటర్ వైపు చూడకుండా వినడం కూడా నేర్చుకో. పల్స్ ఆక్సీమీటర్ బీప్ శబ్దం ఆక్సిజన్ తగ్గేకొద్దీ మందంగా దిగుతుంది. ఆ దిగడం చెవికి పడగానే పలక తీసేసి మాస్కు పెట్టాలి. మంచి సిమ్యులేటర్లలో ఆ శబ్దం కూడా ఉంటుంది, మీ ల్యాబులో వాల్యూమ్ తగ్గించి పెట్టుంటారు, పెంచమని అడుగు. ఇక ట్యూబ్ ఎక్కడుందో తేల్చేది స్టెతస్కోపు ఒక్కటే కాదు. బయటికి వచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్ మీద కనిపించాలి. గీత లేకపోతే అది అన్నవాహికలో ఉందనుకుని తీసెయ్. మొహమాటం లేదు.

ఓఎస్‌సీఈ గురించి: స్కాట్లాండ్‌లోని డండీలో హార్డెన్ అనే ప్రొఫెసర్ 1975లో మొదలుపెట్టిన పరీక్ష ఇది. గంట కొట్టగానే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి మారుతూ ఒక్కో పని చేసి చూపించాలి. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే మార్కుల పట్టిక. అంతకుముందు ఎవరికి ఏ కేసు పడిందో, ఎగ్జామినర్‌కి ఆ పూట మూడ్ ఎలా ఉందో దాన్ని బట్టి తలరాత ఉండేది. కాబట్టి ఓఎస్‌సీఈ నీ పక్షమే. మన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది చేతిపనిలో కాదు, బొమ్మతో మాట్లాడటానికి సిగ్గుపడి. "నమస్తే అండీ, నేను ఫలానా, మీ చేతికి సూది పెట్టాలి, పెట్టనా" అని పైకి అనాలి. చేతులు కడుక్కోవాలి. వాడిన సూదికి మూత పెట్టకుండా డబ్బాలో వేయాలి. ఎగ్జామినర్ పట్టికలో వీటన్నిటికీ గడులుంటాయి.

ప్రశ్న: వీఆర్ కళ్ళద్దాలు వచ్చాక ఈ బొమ్మలన్నీ మూలపడతాయంటున్నారు. నిజమేనా?
– కూకట్‌పల్లి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ఏ పని తర్వాత ఏది, ఎవర్ని ముందు చూడాలి, ఇలాంటివి నేర్పడానికి కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి. సూది నరం గోడ దాటినప్పుడు వేలికి తెలిసే ఆ చిన్న పట్టు విడుపు మాత్రం గాల్లో చెయ్యి ఊపితే రాదు. అది కూడా కనిపెట్టండి, మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళే కదా. అప్పటిదాకా నా రబ్బరు చేతులు నాకు ఉండనివ్వండి.

ప్రశ్న: బొమ్మల మీద వైద్యం నేర్చుకోవడం ఎప్పుడు మొదలైంది? మన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో నిజాం కాలంలో క్లోరోఫాం ప్రయోగాలు జరిగాయని చదివాను. అదీ ఇదీ ఒకటేనా?
– రిటైర్డ్ హిస్టరీ మాస్టారు, నారాయణగూడ

మాస్టారూ, మొదలు మన దగ్గరే దొరుకుతుంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదో అధ్యాయం మొత్తం ఇదే. కోత నేర్చుకోవాలంటే గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయ మీద. నరం గుచ్చడానికి చచ్చిన పశువు నరమో, కలువ కాడో. కుట్లకి బట్ట, మెత్తటి తోలు. కట్లు కట్టడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. ఎంత చదివినా చేతి అభ్యాసం లేనివాడు పనికి తగడని అందులో సూటిగా చెప్పారు.

ఫ్రాన్సులో 18వ శతాబ్దంలో మదామ్ ద్యు కూద్రే అనే మంత్రసాని బట్టతో, తోలుతో కాన్పు బొమ్మ చేసింది. 1759లో పదిహేనో లూయీ రాజు ఆమెను ఊరూరా తిరిగి పల్లెటూరి ఆడవాళ్ళకు నేర్పమని పంపాడు. ఆ బొమ్మల్లో ఒకటి రువాఁ పట్టణంలో మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఇక ఇవాళ ఊపిరి పోయడం నేర్పే బొమ్మ నార్వేలోని స్టవాంగర్ నుంచి వచ్చింది. అక్కడ ఆస్మండ్ లార్డాల్ పిల్లల బొమ్మలు చేసి అమ్మేవాడు. నోటితో ఊపిరి ఊదే పద్ధతి కొత్తగా వస్తుంటే, నేర్చుకోవడానికి ఒక నిలువెత్తు బొమ్మ కావాలని డాక్టర్లు అడిగారు. 1960లో తయారుచేశాడు. సీన్ నదిలో దొరికిన ఎవరో గుర్తు తెలియని అమ్మాయిదని చెప్పుకునే ఒక ముఖం అచ్చుని దానికి పెట్టాడు. గుండె జబ్బుల చప్పుళ్ళు వినిపించే "హార్వీ" 1968లో మయామీలో వచ్చింది.

క్లోరోఫాం, అంటే అప్పట్లో మత్తు కోసం పీల్పించే మందు, దాని సంగతి వేరు. అది శిక్షణ కాదు, పరిశోధన. హైదరాబాద్ మెడికల్ స్కూలు (ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీ) ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి కమిషన్ నడిపించాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ని రప్పించడానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. కుక్కల మీద, కోతుల మీద చేశారు. క్లోరోఫాం ఎక్కువైతే ముందు ఊపిరి ఆగుతుంది, తర్వాతే గుండె, కాబట్టి నాడి కాదు, ఊపిరి చూడండి అని లారీ వాదన. క్లోరోఫాం నేరుగా గుండెని కూడా ఆపగలదని 1911లో లెవీ అనే ఆయన చూపించాడు, కాబట్టి లారీ సగమే గెలిచాడు. కానీ "ఊపిరి చూడు" అన్నది మత్తు డాక్టర్లకు ఇవాళ్టికీ మొదటి పాఠమే. లారీ దగ్గర నేర్చుకుని క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. కోఠీ దారిన రోజూ పోయే మెడికోల్లో ఆ పేరు తెలిసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మాస్టారూ. మీలాంటివాళ్ళు ఒకసారి వచ్చి మా పిల్లలకు చెప్పాలి.

ప్రశ్న: నేను స్టేజీ నటుణ్ణి. మెడికల్ కాలేజీల్లో రోగి వేషం వేయడానికి మనుషుల్ని పిలుస్తారట. అందులో నటన ఏముంటుంది, దగ్గడమే కదా?
– చిక్కడపల్లి

దగ్గడం కాదు బాబూ, దాచడం. అమెరికాలో 1963లో హోవర్డ్ బారోస్ అనే నరాల డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. మీకు ఒక కాగితం ఇస్తాం. అందులో మూడు భాగాలుంటాయి: అడగకుండానే చెప్పేవి, అడిగితేనే చెప్పేవి, నమ్మకం కుదిరితే తప్ప చెప్పనివి. ఉదాహరణకి మీరు యాభై ఏళ్ళ ఆటో డ్రైవర్. "నాల్గు దినాల సంది కడుపుల మంట" అని మొదలుపెడతారు. తాగుడు అలవాటుందా అని అడిగితే మాత్రమే ఉందంటారు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో కొని రోజూ వేసుకునే బిళ్ళ సంగతి, పిల్లాడు కంప్యూటర్ వైపు చూడకుండా మీ వైపు చూసి అడిగితేనే బయటపెడతారు. మంటకి అసలు కారణం ఆ బిళ్ళే. ఇరవై మంది విద్యార్థులు వస్తే ఇరవైసార్లూ అదే మనిషిగా ఉండాలి, పన్నెండో వాడికి విసుగొచ్చి ముందే చెప్పేయకూడదు. ఇది స్టేజీ కన్నా కష్టమని మీ తోటి నటులే నాతో అన్నారు.

మాకు మీలాంటివాళ్ళు ఎందుకంటే, వేరే రాష్ట్రాల నుంచి వచ్చే పిల్లలే కాదు, ఇంగ్లీషు మీడియంలో చదివిన మన పిల్లలకు కూడా వార్డులో తెలంగాణ తెలుగూ, దక్కనీ ఉర్దూ సరిగ్గా అందవు. "పానం మంచిగలేదు" అంటే మొహాలు చూసుకుంటారు. "ఘబ్రాహట్ హోరీ" (గాభరాగా ఉంది) అంటూ పాతబస్తీ అమ్మ చెయ్యి పట్టుకుంటే అది గుండెపోటో, భయమో, చక్కెర పడిపోయిందో తేల్చడానికి ఇంకా నాలుగు ప్రశ్నలు కావాలి. ఆ నాలుగూ మీ దగ్గర నేర్చుకుంటారు. అయిపోయాక మీరు వేషం వదిలి, "నువ్వు నా నొప్పి గురించి అడిగావు గానీ, నేను రేపు బండి నడపగలనా అని అడిగితే వినలేదు" అని చెబుతారు చూడండి, ఆ మాట మేం వందసార్లు చెప్పినా ఎక్కదు. దగ్గర్లో ఉన్న కాలేజీ స్కిల్స్ ల్యాబ్ ఇన్‌ఛార్జిని కలవండి. మొదటే పారితోషికం మాట్లాడుకోండి, మా వాళ్ళు టీతో సరిపెట్టే రకం.

ప్రశ్న: జిల్లాలోని ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఖరీదైన మానెకిన్ వచ్చింది, పాడవుతుందని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడే తీస్తారు. మిగతా సామాను కొనడానికి బడ్జెట్ లేదంటారు. ఏం చేయను?
– పేరు వద్దన్నారు

తాళం సంగతి తర్వాత. ముందు మటన్ షాపుకి వెళ్ళండి.

కుట్లు నేర్పడానికి మేక కాళ్ళకి మించింది లేదు. చర్మం, కింద కొవ్వు, మనిషి చర్మానికి దగ్గరగా పట్టు ఇస్తాయి. ఒక్క జాగ్రత్త: మన దగ్గర పాయా కాల్చి అమ్ముతారు, కాల్చిన చర్మం గట్టిపడి సూది దిగదు. కాల్చకుండా ఇవ్వమని ముందురోజే చెప్పి పెట్టుకోవాలి, బ్లేడుతో వెంట్రుకలు మనమే తీసుకోవాలి. షాపతను వింతగా చూస్తాడు, పర్లేదు. ఛాతీలో ట్యూబ్ వేయడం నేర్పాలంటే పక్కటెముకల ముక్క పొడుగ్గా కొట్టించుకోండి. ఎముక పై అంచు మీదుగా వెళ్ళాలి, కింద అంచులో నెర్వూ రక్తనాళమూ ఉంటాయనేది అక్కడ వేలితో తడిమి చూపించొచ్చు. మెడ దగ్గర శ్వాసకి దారి చేయడం నేర్పడానికి మేక గొంతు గొట్టం, షాపులో ఎలాగూ పారేస్తారు. పైన ఒక గ్లవ్ ముక్క చర్మంలా పరిచి కట్టండి. మాంసం ముట్టని పిల్లలుంటే వాళ్ళకి స్పాంజి మీద గుడ్డ బిగించి ఇవ్వండి, బలవంతం వద్దు. కాన్పు తర్వాత రక్తస్రావం అంచనా వేయడం నేర్పాలంటే నీళ్ళలో ఎర్ర రంగు కలిపి, కొలిచి, గుడ్డల మీద, నేల మీద పోసి "ఎంత పోయింది" అని అడగండి. అందరూ అసలు కన్నా తక్కువే చెబుతారు. ఎంత తక్కువో కొలపాత్రతో చూపించండి, లేబర్ రూములో ఆ లెక్క గుర్తుంటుంది.

ఇక ఆ బీరువాలో మానెకిన్. నన్నడిగితే దాని విలువంతా అయిపోయాక జరిగే మాటల్లో ఉంది. మొన్న మా ల్యాబులో ఒక సీన్ పెట్టాం: యాంటీబయోటిక్ ఇంజెక్షన్ పడగానే రోగికి ఒళ్ళంతా దద్దుర్లు, బీపీ పడిపోయింది, పిల్లికూతలు. ఐదుగురు పిల్లలు, అందరూ బాగా చదివేవాళ్ళే. మందు ఏమిటో, అడ్రినలిన్ అర మిల్లీగ్రాము తొడ కండలో ఇవ్వాలనీ ఐదుగురికీ తెలుసు. ఒకమ్మాయి "ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి" అంది. మిగతా నలుగురూ తలూపారు. ఎవరూ కదల్లేదు. మానిటర్ మోగుతూనే ఉంది.

తర్వాత కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. తిట్టలేదు. వీడియో వేసి, ఆ మాట దగ్గర ఆపి, "ఇక్కడ నీ మనసులో ఏముంది" అని ఒక్కొక్కరినీ అడిగాం. నలుగురూ ఒకటే చెప్పారు, పక్కవాళ్ళు తెస్తారనుకున్నామని. ఎవరికి చెబుతున్నామో పేరు పెట్టి చెప్పాలి, విన్నవాళ్ళు ఆ మాట తిరిగి పలకాలి, ఇచ్చాక "ఇచ్చాను" అనాలి. ఇది వాళ్ళే తేల్చుకున్నారు. ఇంకోసారి అదే సీన్ పెట్టాం, నిమిషంలోపు మందు పడింది. స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా అనే మత్తు డాక్టరు విమానాల పైలట్ల శిక్షణ చూసి ఈ పద్ధతిని ఆపరేషన్ థియేటర్లోకి తెచ్చాడు. దీనికి కావాల్సింది కుర్చీలూ, అరవని టీచరూ. ఖరీదైన బొమ్మ లేకపోతే మంచం మీద ఒక విద్యార్థిని పడుకోబెట్టి, బీపీ అంకెలు పలక మీద రాస్తూ కూడా చేయొచ్చు.

తాళానికి ఉపాయం: హెచ్‌ఓడీకి (మీ విభాగం అధిపతికి) టైమ్‌టేబుల్ రాసివ్వండి, ఏ తేదీన ఎవరు తీశారో, ఎవరు తిరిగి పెట్టారో పుస్తకంలో సంతకాలు పెట్టిస్తానని రాయండి. బొమ్మ పాడైతే బాధ్యత ఎవరిదనేదే వాళ్ళ భయం. ఆ భయానికి ఒక రిజిస్టర్ దొరికితే తాళం తీస్తారు. చర్మం, నరాలు వాడేకొద్దీ మార్చాల్సినవి, వాటికి ఏటా కొంత డబ్బు అడగడం మర్చిపోకండి.

ప్రశ్న: నేను గృహిణిని. మా ఆయనకి స్టెంట్ వేశారు. గుండె ఆగితే ఛాతీ నొక్కడం నాలాంటివాళ్ళు నేర్చుకోవచ్చా, లేక డాక్టర్లకేనా?
– ఎల్.బి.నగర్

తప్పకుండా నేర్చుకోవాలి తల్లీ. ఇంట్లో పడిపోతే మొదట చేరేది మీరే. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే, ఊపిరి లేకపోతే, లేదా అప్పుడప్పుడు చేపలా నోరు తెరిచి ఎగశ్వాస మాత్రమే తీస్తుంటే (అది ఊపిరి కింద లెక్క కాదు) వెంటనే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. మనిషిని మంచం మీద ఉంచొద్దు, పరుపు దిగిపోతుంది, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. అరచేతి మడమ ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద, రెండో చెయ్యి దాని మీద. మోచేతులు వంచకుండా, నడుము బరువుతో నొక్కాలి. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. చాలామంది చేతులు ఆనించే ఉంచుతారు, అలా చేస్తే గుండెలోకి రక్తం నిండదు.

పక్కటెముక విరిగిన చప్పుడు రావొచ్చు. ఆపకండి. నోటితో ఊదడం రాకపోతే పెద్దవాళ్ళకి నొక్కడం ఒక్కటే చేసినా మేలే. పిల్లలకీ నీళ్ళలో మునిగినవాళ్ళకీ మాత్రం ఊపిరి కూడా కావాలి, 30సార్లు నొక్కి 2సార్లు ఊదడం. అలసిపోతే లోతు తగ్గిపోతుంది, మీకు తెలియదు కూడా. అందుకే రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి, మీ అబ్బాయికి కూడా నేర్పించండి.

దిండు మీద ప్రాక్టీసు చేస్తే లోతు తెలియదు. సరిగ్గా నొక్కితే టిక్కుమనే బొమ్మ మీద ఒక పూట చేస్తే చాలు. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళు ప్రథమ చికిత్స తరగతులు పెడతారు. మీ అపార్ట్‌మెంట్ సంఘం పిలిస్తే వచ్చే ఆస్పత్రులూ ఉన్నాయి. పదిమంది ఉంటే ఆదివారం పొద్దున పెట్టించుకోండి, వాచ్‌మన్‌ని కూడా కూర్చోబెట్టండి. పగలు అందరూ ఆఫీసులకి పోయాక అపార్ట్‌మెంట్‌లో మిగిలేది అతనే.